పన్నెండు ముఖాల పాచిక

ఉద్యోగరీత్యా ఈ ముప్పై ఏళ్ళలో మేము కాపురమున్న ఊళ్ళ పేర్లు వరుసగా వ్రాస్తే ఒక చిన్న రైల్వే టైంటేబులు తయారవుతుంది. అందులో ప్రస్తుతానికి చివరి స్టేషను బిల్హా. బిలాస్‌పూర్ నుండి రాయపూర్ వైపు వెళ్ళే ప్రయాణికుడు కిటికీలోంచి పసుపు బోర్డు చదివేలోపే దాటిపోయే ఊరు ఇది. చుట్టూ వరిపొలాలు, బియ్యపు మిల్లులు. కొంత దూరంలో భిలాయి ఉక్కు కర్మాగారానికి డోలమైటు పంపే హిర్రీ గని. బదిలీ ఉత్తర్వు చూసి, "అక్కడ తెలుగు మాట చెవిన పడుతుందా?" అని మా శ్రీమతి దిగులు పడింది. ఆ దిగులు వారం రోజులలోనే తీరిపోయింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మనవారు తరతరాలుగా ఉన్నారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పనుల వెంట ఉత్తరాంధ్ర నుండి కదలివచ్చిన కుటుంబాల మునిమనుమలు నేడు ఆ కాలనీలో కనిపిస్తారు. వారి తెలుగులో క్రియాపదాలు శ్రీకాకుళానివి, నామవాచకాలు ఛత్తీస్‌గఢ్‌వి. వినడానికి ఇంపుగానే ఉంటుంది.

ఊరి ముచ్చట ఇంతటితో చాలించి అసలు విషయానికి వస్తాము. అది ఒక ఆట. యాభై దాటిన ఇంజనీరుకు ఆటలేమిటని సహోద్యోగ మిత్రులు నవ్వవచ్చు. మేము కూడా మొదట అట్లాగే నవ్వాము.

గత వర్షాకాలంలో మా అబ్బాయి హైదరాబాదు నుండి పది రోజుల సెలవు మీద వచ్చాడు. ఇతర గృహాలలో ఇది వ్రాయదగిన వార్త కాకపోవచ్చు. మా ఇంట మాత్రం వార్తయే. నాలుగేళ్ళ క్రితం వాడు ఇంజనీరింగు చదువు మూడవ సంవత్సరంలో మానివేసి, బొమ్మలు గీసే పనిలో చేరతానని చెప్పిన రాత్రి మేము పలికిన మాటలు ఈ పత్రికలో వ్రాయదగినవి కావు. ఆనాటి నుండి వాడి ఫోను వాళ్ళ అమ్మకే వచ్చేది. పొరపాటున మేము ఎత్తితే, "అమ్మ ఉందా?" అన్న రెండు మాటలే. అటువంటి వాడు ఒక ఆదివారం మధ్యాహ్నం, జోరున వాన కురుస్తూండగా, మా గదిలోకి తొంగిచూసి, "నాన్నగారూ, మాకు ఒక మనిషి తక్కువయ్యాడు. కూర్చుంటారా?" అన్నాడు. మేము చదువుతున్న టెండరు కాగితాలు ఎక్కడ పెట్టామో ఆనాడు రాత్రి దాకా జ్ఞాపకం రాలేదు.

ముందు గదిలో బిలాస్‌పూర్ కాలనీ పిల్లలు ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఇద్దరు అబ్బాయిలు, బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి. బల్ల మీద పాచికల కుప్ప, పెన్సిళ్ళు, మా శ్రీమతి వేసిన పకోడీలు. ఆట పేరు స్టార్ వార్స్: ఫోర్స్ అండ్ డెస్టినీ. అమెరికాలోని ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ వారు 2015లో ప్రచురించినది. జార్జ్ లూకాస్ 1977లో తీసిన అంతరిక్ష చలనచిత్రం దీనికి ఆధారం. ఈ జాతి ఆటలకు మూలపురుషులు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు. వారి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది. ఇందులో చదరంగం వలె గళ్ళ పలక అవసరం లేదు, గెలుపోటములు లేవు. ఒకరు సూత్రధారి. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. "ఎదుట లోయ ఉన్నది, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. వీరు చెబుతారు. సందేహం వచ్చినచోట పాచిక తీర్పు చెబుతుంది. మన వీధి నాటకానికి పాచికలు జతచేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. ఆనాడు సూత్రధారి మా అబ్బాయే.

మాకు ఇచ్చిన పాత్ర ఒక ముసలి యంత్ర నిపుణుడు. అతనికి ఫోర్స్ అనే విశ్వశక్తితో కొద్దిపాటి సంబంధం ఉన్నది. వస్తువులను చేతితో తాకకుండా కదిలించే విద్యను 10 అనుభవ పాయింట్లు పెట్టి కొనుక్కోవచ్చును. అది మొదటి గడి. దాని క్రింద గీతలతో కలిపిన మరికొన్ని గడులు: ఇంకా బరువైనది ఎత్తడానికి, ఇంకా దూరాన ఉన్నది కదిలించడానికి, ఒకేసారి అనేక వస్తువులను లేపడానికి, శత్రువు చేతిలోది లాక్కోవడానికి. ఒక గడి కొన్న తరువాతనే దానితో గీత కలిసిన గడి కొనాలి, మధ్యలో దూకరాదు. ఆ కాగితం చూడగానే మాకు ప్రాణం లేచివచ్చింది. అచ్చంగా సబ్‌స్టేషను సింగిల్ లైన్ డయాగ్రం! మాకు లభించిన పాయింట్లన్నీ బలం గడులకూ దూరం గడులకూ పోసివేశాము.

"నాన్నగారూ, ఇన్ని కొన్నా మీ చేతిలో పాచిక ఒక్కటే" అన్నాడు అబ్బాయి.

అందులోని కీలకం అప్పుడు తెలిసింది. విద్యను కొనడం వేరు, దానిని నడిపే శక్తి వేరు. ప్రతిసారీ ఫోర్స్ పాచిక వేసి, పడిన చుక్కలను ఖర్చుపెట్టితేనే గడి పనిచేస్తుంది. క్రొత్త పాత్రకు ఒకటే పాచిక. రెండవ పాచిక కావాలంటే చాలా వృత్తులలో నైపుణ్యాల పట్టిక అట్టడుగు వరుస దాకా దిగి, అక్కడ 25 పాయింట్లు చెల్లించాలి. స్థాపిత సామర్థ్యం వేయి మెగావాట్లు అని బోర్డు వ్రాసుకుని బొగ్గు లేక కూర్చున్న విద్యుత్ కేంద్రం వలె ఉన్నది మా ముసలి నిపుణుని పరిస్థితి.

ఆ పాచికను చేతిలోకి తీసుకుని, అలవాటు చొప్పున, ముఖాలు లెక్కించాము. మొత్తం పన్నెండు. ఆరు ముఖాల మీద ఒక్కొక్క నల్ల చుక్క, ఒక ముఖం మీద రెండు నల్ల చుక్కలు. రెండు ముఖాల మీద ఒక్కొక్క తెల్ల చుక్క, మూడు ముఖాల మీద రెండేసి తెల్ల చుక్కలు. కూడితే నలుపు ఎనిమిది, తెలుపు ఎనిమిది. మొత్తాలు సమానమే, కాని నల్ల ముఖాలు ఏడు, తెల్లవి ఐదు. చీకటి తరచుగా వస్తుంది, కొంచెం కొంచెంగా వస్తుంది. వెలుగు అరుదుగా వచ్చినా, వచ్చినప్పుడు నిండుగా వస్తుంది. పాచిక తయారుచేసినవాడు ఎవరో గాని, మంచి ఇంజనీరు అయి ఉండాలి.

తెల్ల చుక్కలు పడితే నిశ్చింతగా వాడుకోవచ్చును. నల్లవి పడితే? వాడకూడదని నిషేధం లేదు. రాయి అప్పుడు కూడా లేస్తుంది. కాని ఎన్ని నల్ల చుక్కలు వాడితే అంత అలసట, అంతే సంఘర్షణ పాత్ర ఖాతాలో పడతాయి. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా కొన్ని బిళ్ళలు పరచి ఉంటాయి. వాటిలో ఒక తెల్ల బిళ్ళను నలుపు వైపుకు త్రిప్పాలి. ఆ నల్ల బిళ్ళను సూత్రధారి తరువాత ఎప్పుడైనా, ఎవరిమీదనైనా ప్రయోగిస్తాడు. మొదటిసారి విన్నప్పుడు ఈ నియమాన్ని మేము అంతగా పట్టించుకోలేదు.

ఈ తరహా లెక్క మన ఇళ్ళలో పెరిగినవారికి అపరిచితమేమీ కాదు. విశ్వామిత్రుడు ఎన్నో ఏళ్ళ తపస్సు కూడబెట్టి త్రిశంకుని కోసం ఖర్చుపెట్టాడు. మేనక వలన కొంత పోయింది. రంభను శపించిన కోపంలో మిగిలింది కరిగిపోయింది. మళ్ళీ మొదటినుండి కూర్చున్నాడు. కర్ణుని శక్త్యాయుధం ఒకేసారి పనిచేస్తుంది; అది ఘటోత్కచునిమీద ఖర్చయిపోయింది. అస్త్రాన్ని వదలడం నేర్చిన అశ్వత్థామకు దానిని ఉపసంహరించే అర్హత లేకపోయింది. తాతమ్మలు వైకుంఠపాళి ఆడించింది కూడా ఈ లెక్క వంటపట్టడానికే కాబోలు. అమెరికావారు 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ అచ్చువేసిన మొదటి స్టార్ వార్స్ ఆటలో కూడా చీకటి పాయింట్లు పెట్టారట; అవి మితిమీరితే ఆటగాని పాత్రనే లాగివేసి సూత్రధారి చేతికి అప్పగిస్తారు. మన పురాణాలలో రాక్షసులైనవారంతా ఒకప్పుడు తపస్సు చేసినవారేనని అప్పుడు మాకు తోచింది.

ఇక ఆనాటి కథ. అంతకు రెండు రోజుల ముందు పిల్లలందరినీ మేము జీపులో తాలా గ్రామానికి తీసుకువెళ్ళాము. మనియారీ నది ఒడ్డున దేవరాణి-జెఠాణి అనే శిథిలాలయాలు అక్కడ ఉన్నాయి. అనగా తోడికోడళ్ళ గుళ్ళు. అక్కడి తవ్వకాలలో 1987-88 ప్రాంతంలో బయటపడిన నిలువెత్తు శిల్పాన్ని చూసినవారు మరచిపోలేరు. తలపాగా సర్పాలు, ముక్కు బల్లి, చెవులు నెమళ్ళు, మీసాలు చేపలు, గడ్డం ఎండ్రకాయ, భుజాలు మొసలి నోళ్ళు. రొమ్ము మీద, పొట్ట మీద, తొడల మీద వేరువేరు మనిషి ముఖాలు. రుద్రశివుడని వాడుక. ఎవరి మూర్తియో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. మా అబ్బాయి దాని ఎదుట గంటసేపు కూర్చుని పుస్తకంలో గీసుకున్నాడు. వాడు బొమ్మ గీస్తుండగా మేము అంతసేపు నిలబడి చూడడం అదే మొదలు. ఎండ్రకాయ కాళ్ళు గడ్డం వెంట్రుకలుగా మారే చోట వాడి చేయి ఎంత నిదానంగా నడిచిందో చెప్పలేము.

ఆదివారం నాటి ఆటలో ఆ గుడియే ఒక దూర గ్రహం మీద వెలిసింది. లోపల ఒక పల్లెవాడు రాతి తలుపు వెనుక చిక్కుకున్నాడు. నది పొంగుతున్నది. ద్వారపాలకుడు దారి చెప్పనంటాడు. బ్యాంకు అమ్మాయి పాత్ర వానిని మెత్తగా అడుగుదామన్నది, మేము ఒప్పుకోలేదు. సమయం లేదన్నాము. మా ముసలి నిపుణుడు ద్వారపాలకుని మెడ దగ్గర ఆయుధం పెట్టి గద్దించాడు. అబ్బాయి ఏమీ అనకుండా మా కాగితం మీద రెండు సంఘర్షణ వ్రాశాడు. తలుపు మనిషంత రాయి. ఎత్తడానికి రెండు చుక్కలు కావాలి. పాచిక వేశాము. రెండు నల్ల చుక్కలు! పన్నెండింటిలో ఒకే ఒక ముఖం మీద ఉన్నది అదే వచ్చింది.

"వాడతారా?" అన్నాడు అబ్బాయి.

వాడాము. రాయి లేచింది. పల్లెవాడు బయటపడ్డాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేము ఒక తెల్ల బిళ్ళను త్రిప్పి, మరో రెండు సంఘర్షణ వ్రాసుకుని, పకోడీ నోట వేసుకున్నాము. నిజం చెప్పవలసి వస్తే, అంత సంతోషం మాకు ఈ మధ్య ఏ కమిషనింగులోనూ కలగలేదు.

అరగంట తరువాత అందరూ నది దాటుతున్నారు. బ్యాంకు అమ్మాయి వంతు వచ్చింది. అబ్బాయి చేయి చాచి, మేము త్రిప్పిన నల్ల బిళ్ళను తీసుకున్నాడు. ఆమె వేయవలసిన ఊదారంగు పాచికలలో ఒకటి తీసివేసి దాని స్థానంలో ఎర్ర పాచిక పెట్టాడు. ఎర్ర పాచికకు ఒక అతి చెడ్డ ముఖం ఉన్నది, అదే పడింది. ఆమె పాత్ర బండల మధ్య జారి చేయి విరగ్గొట్టుకున్నది. రాయి ఎత్తింది మేము. చెయ్యి విరిగింది ఆమెది. "ఫరవాలేదు అంకుల్, ఆటే కదా" అని ఆ పిల్ల నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఇంతలో కరెంటు పోయింది. బిలాస్‌పూర్ బండికి వేళ అయిందని పిల్లలు గొడుగులు వేసుకుని స్టేషనుకు పరుగెత్తారు.

వరండాలో కొవ్వొత్తి దగ్గర అబ్బాయి పాచికలు సర్దుతూంటే మేము నోరు విప్పాము. ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి అది.

చాలా ఏళ్ళ క్రితం, వేరొక రాష్ట్రంలో, ఒక సబ్‌స్టేషను పని. తెల్లవారేసరికి కరెంటు ఇవ్వాలి. కేబులు చివరలు బిగించే టెక్నీషియను నెమ్మదిగా పని చేస్తున్నాడని, పదిమంది ఎదుట అతనిని మేము అనరాని మాటలు అన్నాము. ఫలితం వెంటనే కనిపించింది. పని తెల్లవారకముందే ముగిసింది. మాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. అది నేటికీ మా ఫైలులో ఉన్నది. మూడు నెలలకు ఆ కేబులు చివర ప్రేలింది. ప్రక్కన నిలబడిన హెల్పరు రెండు చేతులూ కాలాయి. మనిషి బ్రతికాడు, కుడిచేతి వేళ్ళు రెండు మాత్రం ఆ తరువాత వంగలేదు. తరువాత టెక్నీషియనును ఒంటరిగా అడిగాము. తెచ్చిన లగ్గుల సైజు కేబులుకు సరిపోలేదని అతనికి ఆ రాత్రే తెలుసునట. చెబుదామని రెండుసార్లు మా గుడారం దాకా వచ్చాడట. "తమరి ముఖం చూసి వెనక్కి పోయానండీ" అన్నాడు. విచారణ కాగితాలలో సామగ్రి లోపం అని మాత్రం వ్రాసి ఉన్నది. ఆ వాక్యం వ్రాసింది మేమే.

అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. వాన చూరునుండి కారుతున్నది.

"అమ్మకు తెలుసా?"

తెలియదన్నాము. ఆ హెల్పరు ఇప్పుడెక్కడ ఉన్నాడని అడిగాడు. అదీ తెలియదన్నాము. నాలుగేళ్ళ క్రితపు రాత్రి సంగతి కూడా ఎత్తబోయాము. కాని తగిన మాట దొరకలేదు. కమిషనింగు రిపోర్టులు వ్రాసి వ్రాసి అటువంటి మాటలు మాకు దూరమైనాయి. వాడే మా అవస్థ గ్రహించి, మా పాత్ర కాగితం కొవ్వొత్తి వెలుగులోకి జరిపాడు.

"ఇవాళ్టి లెక్క తేల్చలేదు నాన్నగారూ. పది ముఖాల పాచిక వేయండి."

ఆట ముగిసినప్పుడు ప్రతి పాత్రకూ చేసే లెక్క అది. నైతికత సాధారణంగా 50తో మొదలవుతుంది. పది ముఖాల పాచిక వేసి, పడిన సంఖ్యను ఆనాటి సంఘర్షణతో పోలుస్తారు. సంఘర్షణ ఎక్కువైతే ఆ తేడా తీసివేస్తారు. పాచిక ఎక్కువైతే ఆ తేడా కలుపుతారు. 30 కంటె క్రిందికి పోతే పాత్ర చీకటి పక్షానికి చేరుతుంది. అటుపైన నల్ల చుక్కలు ఉచితంగా దొరుకుతాయి, తెల్లవాటికి మూల్యం పడుతుంది. వెనుకకు రావాలంటే 30 దాటితే సరిపోదు, 70 దాటాలి. సిగ్నలు రిలేతో పనిచేసినవారికి ఇది బాగా తెలుసును. పడిపోయిన రిలే, పడిపోయిన కరెంటు దగ్గరే మళ్ళీ లేవదు. అంతకంటె ఎంతో ఎక్కువ ఇవ్వాలి. ఈ పోలిక చెబితే అబ్బాయి ఆసక్తిగా విన్నాడు. రిలే లోపల ఎట్లా ఉంటుందని అడిగాడు. కాగితం వెనుక మేము గీసి చూపాము. మా గీతలు వంకరగా ఉన్నాయని వాడు పెన్సిలు తీసుకుని సరిచేశాడు.

మా సంఘర్షణ మొత్తం నాలుగు. పాచిక మూడు పడింది. 50 కొట్టివేసి 49 అని మా చేత్తోనే వ్రాశాము.

"ఒక్కటే కదా పోయింది" అన్నాము.

"ఒక్కరోజుకు" అన్నాడు.

బుధవారం ఉదయం వాడి ప్రయాణం. బిల్హాలో ఆగే బండి పట్టుకుని బిలాస్‌పూర్‌లో మారాలి. ప్లాట్‌ఫారం మీద వాడు సంచిలోంచి పన్నెండు ముఖాల పాచిక తీసి మా చేతిలో పెట్టాడు. దసరాకు వస్తానని, బ్యాంకు అమ్మాయి పాత్ర చేయి ఇంకా కట్టులోనే ఉంటుందని, ఆట అక్కడినుండే మొదలవుతుందని చెప్పాడు. అప్పటిదాకా మా కాగితం పారవేయవద్దన్నాడు. బండి కదిలాక కిటికీలోంచి ఏదో అన్నాడు. ఎదురు లైనులో బొగ్గు వాగన్ల మోతలో వినబడలేదు. సాయంత్రం ఫోను మ్రోగింది. ఎత్తింది మేమే. బండి రెండు గంటలు ఆలస్యమని, దారిలో రిలే గదులు కనిపిస్తే చూస్తున్నానని చెప్పాడు. కొంతసేపు మాట్లాడిన తరువాత, అమ్మకు ఇవ్వమన్నాడు.

కాగితం మా సొరుగులో ఉన్నది. దాని క్రింద ఆ పాత ఫైలు. హెల్పరు సొంత ఊరి పేరు అందులోని మస్టరు నకలులో ఉన్నదని మొన్న వెదికితే దొరికింది. దసరాకు అబ్బాయి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి వెళ్ళడానికి రెండు టికెట్లు తీసుకున్నాము. మా శ్రీమతి ఎక్కడికని అడిగింది. ఈ రాత్రి కూర్చుని చెప్పాలి.